మర్యాదగా పక్కన పెట్టిన ఫైళ్ళు

గోదావరి మధ్యలోని లంక గ్రామాల్లోకి వరద నీరు రాకముందే ప్రతి ఫోనూ గణగణ మోగేలా చేస్తామని మంత్రి గణేష్‌బాబు గారు రాజమండ్రిలో ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు. యాప్ పేరు గోదావరి గంట. అది ఓపెన్ సోర్సు అని, కోడ్ ఎవరైనా చూడొచ్చని, ఎవరైనా చెయ్యి వేయొచ్చని చెబుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. దాచుకోవడానికి ఏమీ లేని వస్తువు గురించి ఆయన వినడం అదే మొదటిసారి.

యాప్ మొదలుపెట్టిన సుప్రియ వెనక వరసలో కూర్చుంది. ఆమె తండ్రి బుల్లియ్య ఒక లంకలో ఉంటూ చేపలు పడతాడు. నిరుటి వరదకి వలలన్నీ కొట్టుకుపోతే, వేసవంతా కూర్చుని కొత్తవి అల్లుకున్నాడు. అరగంట ముందు కబురందితే వాటిని గట్టు మీదికి చేర్చుకోగలడు. సుప్రియకి కావలసింది ఆ అరగంటే.

కోడ్ సిద్ధంగానే ఉంది. ఎక్కడెక్కడివాళ్ళో రాసిన ముక్కల్ని వరసగా కలిపి యాప్‌గా తయారుచేసే బిల్డ్ సిస్టమ్ ఒకటి ఎంచుకోవాలి. సరుకులన్నీ వచ్చాయి, ఏది ముందు పొయ్యెక్కించాలో తెలిసిన వంటమనిషి కావాలి.

"పాతదే ఒకటుందండి. అందరికీ అలవాటైనదే. అది చాలు," అంది సుప్రియ.

మంత్రిగారు నొచ్చుకున్నారు. "అందరిదీ అయినదాన్ని నువ్వొక్కదానివే ఎంచేస్తే ఏం బాగుంటుందమ్మా? కమిటీ వేద్దాం."

కమిటీ అధ్యక్షులు అప్పాజీ గారు. కడియంలో ఆయనకి పెద్ద మొక్కల నర్సరీ ఉంది. కంప్యూటర్ని ఆయన ఎన్నడూ ముట్టుకోలేదు గనక నిష్పాక్షికంగా ఉంటారని జీవోలో రాశారు. మొదటి మీటింగులోనే ఆయన ఒక బిల్డ్ టూలు పేరు బయటపెట్టారు.

"మా అల్లుడుగారు చెప్పారండి. చాలా ఫాస్టంటండి."

"మన ప్రాజెక్టుకి అది పనికిరాదండి," అంది సుప్రియ.

గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. అల్లుడి మాట కాదనడం ఆ జిల్లాలో ఎవరూ చూసి ఉండలేదు. ఆ టూలు ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

రెండో మీటింగులో ఉపాధ్యక్షురాలు సత్యవాణి గారికీ అల్లుడున్నాడని తేలింది. ఆయనది ఇంకో టూలు. మంత్రిగారికైతే ఇద్దరల్లుళ్ళు. వాళ్ళిద్దరికీ దేనిలోనూ ఏకాభిప్రాయం లేదు.

"మొత్తం నాలుగూ పెట్టేద్దాం," అన్నారు మంత్రిగారు.

"అవి ఒకదానికొకటి పడవండి!"

"అల్లుళ్ళకి మాత్రం పడుతుందా అమ్మా? ఒకే బంతిలో కూర్చోబెట్టి వడ్డించట్లేదూ?"

"మరి నేను చెప్పిందండీ?"

అప్పాజీ గారు జాలిగా చూశారు. "నీ తరఫున అల్లుడెవరూ లేరు కదమ్మా."

బిల్డు మొదలెట్టగానే స్క్రీను నిండా తప్పులు చూపే ఎర్ర అక్షరాలు. మంత్రిగారికి ఎరుపు పడదు. స్పెషలాఫీసర్ గంగాధర్ గారిని పిలిచారు.

"ఎవరివల్ల వస్తోందయ్యా ఇది?"

"నీటిమట్టం చదివే ఫైలు వల్లండి."

"మర్యాదగా పక్కన పెట్టండి."

తరవాత గంట మోగించే ఫైలు పేచీ పెట్టింది. దాన్నీ పక్కన పెట్టారు. లంకల మ్యాపుకీ అదే గౌరవం దక్కింది. వారం తిరిగేసరికి ఎరుపన్నది లేకుండా పోయింది. బిల్డ్ సక్సెస్‌ఫుల్ అని ఆకుపచ్చగా పడగానే అందరూ చప్పట్లు కొట్టారు. నలుగురల్లుళ్ళకీ సన్మానం జరిగింది. లంకల్లో ఇంటింటి ఫోన్లోకీ యాప్ ఎక్కింది.

"సార్, లోపల ఏమీ మిగల్లేదండి," అంది సుప్రియ.

"నా ఫొటో ఉందిగా."

"పోనీ, పాత పద్ధతిలో నేనే తయారుచేసి మా ఊరివాళ్ళకి ఇచ్చుకుంటానండి."

"ప్రభుత్వ ముద్ర లేని గంట మోగితే పుకారు కింద కేసవుతుందమ్మా," అన్నారు గంగాధర్ గారు, ఆమె మేలు కోరి. సుప్రియ భయపడింది. భయపడినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆగస్టులో తెల్లవారుతుండగా బుల్లియ్య ఫోన్ చేశాడు.

"నీళ్ళొచ్చేశాయమ్మాయ్. మేవంతా గట్టు మీదున్నాం. వలలు పోయాయి."

"అన్నీనా నాన్నా?"

"అన్నీ. ఫోను మోగుద్దని చూస్తానే ఉన్నాను. ఎంతకీ మోగకపోతే ఆ యాప్ తెరిచా. మంత్రిగారు నవ్వుతా దణ్ణం పెడుతున్నారు. పెద్దాయన కదా, మేవూ పెట్టాం."

సుప్రియకి ఏడుపొచ్చింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చింది.

మర్నాడు జిల్లా పేపర్లో మొదటి పేజీ వార్త ఇది: "నీటికంటే ముందే లంకల్లో ఇంటింటికీ చేరుకున్న మంత్రి గణేష్‌బాబు."