అంకారావు కుదిర్చిన మంత్రసాని

తిరువూరు బస్టాండు ఎదురుగా రేడియో రిపేరు కొట్టున్న అంకారావు ఎంత మొండి రేడియోనైనా పాడించగలడు కానీ, భార్య లేకుండా ఇంట్లో ఒక పూట గడపలేడు. అలాంటివాడికి వినగడప నుంచి అత్తగారు నాగేంద్రమ్మ కబురు పంపింది. నెలలు నిండుతున్నాయి, తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలట. మంచిరోజు చూసి అమ్మాయిని తీసుకెళ్తారట.

తీసుకెళితే చంటిబిడ్డతో మళ్ళీ ఎప్పుడు పంపుతారో ఏమో! అంకారావు కొట్టు మూసి భార్య దగ్గరికి పరుగెత్తాడు.

"నువ్వు వెళ్ళొద్దు ప్రమీలా!"

"మరి నన్నెవరు చూస్తారు? మీరా?"

"ఏం, చూడలేనా?"

"మొన్న నాకు వాంతయితే మీరు కళ్ళు తిరిగి పడ్డారు. నేనే లేచి మీ మొహాన నీళ్ళు కొట్టాను."

అది నిజమే కాబట్టి అంకారావు మాట మార్చాడు.

మర్నాడు మంత్రసాని పిచ్చమ్మను వెంటబెట్టుకొచ్చాడు. "కాన్పు నాటికి కాదు, ఇప్పట్నించే మనింట్లో ఉంటుంది. నడుం రాస్తుంది, ధైర్యం చెబుతుంది. ఇంక పుట్టింటికెందుకు?" అన్నాడు కాలరెగరేస్తూ.

పిచ్చమ్మ ఆ పూటే ఏలుబడి మొదలెట్టింది. "కడుపుతో ఉన్న మనిషికి ఆ గురగురలు పడవు బాబూ" అని రిపేరు రేడియోలన్నీ మంచం కిందికి తోయించింది. పోపు ఘాటు పడదని తాలింపులు మాన్పించింది. ప్రమీలారాణిని పెరట్లో నడిపిస్తూ, ఉక్క పోయకుండా విసనకర్రతో అంకారావుని వెనకాల నడిపించింది. పక్కవాటా వాళ్ళు నవ్వాపుకోలేక చచ్చారు.

"ప్రమీలా, నీతో ఓ మాట..." అంటూ వచ్చేవాడు పాపం.

"నాతో చెప్పండి బాబూ, నేను చెబుతాలే" అనేది పిచ్చమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుని.

వారం తిరక్కుండానే అత్తగారు ట్రంకుపెట్టెతో బస్సు దిగింది. పోట్లాటకి సిద్ధపడి అంకారావు లుంగీ బిగించాడు. తీరా చూస్తే ఆవిడ నేరుగా వెళ్ళి పిచ్చమ్మను వాటేసుకుంది.

"ఓసి పిచ్చీ, నువ్వటే!"

"నేనేనక్కా! నీ కడుపులోంచి ఈ పిల్లని తీసిన చేతులే ఇవి!"

"అయితే ఇంకేం! కడుపుతో ఉన్నదాన్ని బస్సులో కుదపడం దేనికి? ఇక్కడే కానిద్దాం. నేనూ ఉంటాను."

అంకారావు గాల్లో తేలిపోయాడు. భార్య తన ఇంట్లోనే ఉంటుంది! అంతకంటే ఏం కావాలి?

"మరి అల్లుడుగారూ," అంది నాగేంద్రమ్మ తీపిగా, "అక్కడ మీ మావయ్యగారు ఒక్కరే అయిపోయారు. గేదె నేడో రేపో ఈనేట్టుంది. అదీ తొలిచూలే, పక్కన మనిషి లేకపోతే బెదురుద్ది. మీరు కాస్త వెళ్ళిరండి."

"నేనా!" అంటూ భార్య వంక తిరిగాడు. "అసలు మీ అమ్మకి కబురెవరు పెట్టారు?"

"నేనే. మీరు ఇంత మంచి మనిషిని కుదిర్చారని చెప్పొద్దూ? పక్కన తోడుంటే ఎంత ధైర్యమో మీకు తెలుసు కదండీ, వెళ్ళిరండి" అంది ప్రమీలారాణి నవ్వాపుకుంటూ. పిచ్చమ్మ అప్పటికే సంచి సర్దేసింది.

వినగడప వాళ్ళు కళ్ళింత చేసుకున్నారు. కూతురు పురిటికి రావడం ఎరుగుదురు గానీ, అల్లుడు రావడం అదే మొదలు. మావగారు వెంకటప్పయ్య నడుంనొప్పని మంచమెక్కి, అక్కణ్ణించే పెత్తనం చేశాడు. అంకారావు గేదె వీపు నిమిరాడు, దోమలు తోలాడు, "ఏం భయంలేదమ్మా, నేనున్నాగా" అన్నాడు. అది సుఖంగా ఈనింది.

ఆ వెనకే బస్సు కండక్టరు మోసుకొచ్చాడు శుభవార్త. ఆడపిల్ల! తల్లీ బిడ్డా క్షేమం! అంకారావు ఆనందం పట్టలేక ఏడ్చేశాడు. చెప్పులైనా తొడుక్కోకుండా బస్సుకేసి పరుగెత్తాడు.

"ఆగండాగండి!" కండక్టరు చెయ్యడ్డం పెట్టాడు. "మీ అత్తగారు ఇంకో మాట కూడా చెప్పారు. పురుడు వెళ్ళేదాకా మిమ్మల్ని అక్కడే ఉండమన్నారు. ఇంటికి పాలు మాత్రం రోజూ పంపమన్నారు."

ఆ గేదె చూస్తే అంకారావు పక్కన లేనిదే చుక్క పాలు చేపదు. ఇక చేసేదేముంది? రోజూ పొద్దున్నే పాలక్యానుని కిటికీ పక్క సీట్లో జాగ్రత్తగా కూర్చోబెట్టి, "పాపని అడిగానని చెప్పండి" అని కండక్టరుని బతిమాలి, అది తన ఇంటికి దర్జాగా వెళుతుంటే రోడ్డు మీద నిలబడి చెయ్యూపేవాడు.