భేస్తాన్‌లో ఆర్డర్లు ఆపిందెవరు

"సూరత్‌ల ఏడ కుట్ర జరిగినా ముందుగాల వాసన తగిలేది నా ముక్కుకే," అని లస్మయ్య చాయ్ బండి దగ్గర ప్రకటించాడు. సూరత్ శివారు భేస్తాన్‌లోని మిల్లులో మగ్గాలు నడపడం అతని పని. అపరాధ పరిశోధన అతని పుట్టుక. పక్క మగ్గం నాది కాబట్టి ప్రతి పరిశోధనకూ సాక్షిని నేనే. నా పేరు రఘుపతి.

ఈసారి కుట్ర దవాఖానలో బయటపడింది. దగ్గు మందుకని వెళ్లి పరదా ఇవతల కూర్చున్న లస్మయ్యకు, డాక్టర్ ఉషాదేవి మా మిల్లు సంపత్‌తో అంటున్న మాటలు వినబడ్డాయట. పైనుంచి ఆర్డర్లు ఆగిపోయాయి, లోపల ఉత్పత్తి నిలిచింది, కాపలావాళ్లు మాత్రం గుంపుగా చేరారు, కారణం తెలియడం లేదు.

అంటే మిల్లు మూయించే కుట్ర. డాక్టరమ్మ సూత్రధారి, సంపత్ ఆమె మనిషి, వాచ్‌మెన్లు సైన్యం. డాక్టరుకు మిల్లుతో ఏం పనని నేనడిగితే, అదే అసలు ప్రశ్నని నన్ను మెచ్చుకున్నాడు.

మూడు రోజులు సంపత్‌ను వెంబడించాం. పని, జిమ్, ఇల్లు. భుజాన ఎప్పుడూ నల్ల సంచి. రెండో రోజు లస్మయ్య జిమ్‌లోకే వెళ్లి, ఎవరికీ అనుమానం రాకూడదని బరువు ఎత్తి, నడుము పట్టేసి, నన్ను ఆనుకుని బయటికొచ్చాడు.

ఆదివారం సంపత్ జిమ్ నుంచి ఆ సంచితోనే వచ్చి, భార్య వినోదను తీసుకుని డుమస్ బీచ్‌కు వెళ్లాడు. మేమూ వెళ్లాం. లస్మయ్య నల్లకళ్లద్దాలు పెట్టి, మూతికి రుమాలు కట్టి, వాళ్ల పక్క బల్ల మీదే కూర్చుని, ఆ రుమాలు తీయకుండా టమాటా భజియా తినబోయాడు.

"లస్మన్నా, జర చట్నీ గిటియ్యి," అన్నాడు సంపత్ తలెత్తకుండానే.

ఇక దాగడం పరువు తక్కువ. లస్మయ్య లేచి, ఆట ముగిసిందని చెప్పి సంచి పట్టి లాగాడు. నడుము సహకరించక దాంతో సహా ఇసుకలో వెల్లకిలా పడ్డాడు. ఒక సూది, చిన్న మందు సీసా దొర్లి వినోద కాళ్ల దగ్గర ఆగాయి.

కండల కోసం జిమ్ మాస్టర్ రెండేళ్లుగా ఇస్తున్నాడని సంపత్ గొణిగాడు. వాళ్ల పెళ్లయిందీ రెండేళ్ల కిందటే.

"మందులేమన్న వాడుతున్నవా అని డాక్టరమ్మ మూడుసార్లడిగింది. లేదంటివి," అంది వినోద.

"గది మందనుకోలె. బలమనుకున్న."

మర్నాడు వినోద ఆ సీసా తీసుకుని భర్తతో దవాఖానకు వెళ్లింది. వాచ్‌మెన్ల మీద సాక్ష్యం చెప్పడానికి లస్మయ్య కూడా వెళ్లాడు, వెంట నేను. సీసాలోది మగ హార్మోనని, అది బయటినుంచి వస్తుంటే ఇక చాలనుకుని మెదడు వృషణాలకు సంకేతాలు ఆపేస్తుందని, అందుకే వీర్యకణాలు తయారుకావడం లేదని డాక్టరమ్మ చెప్పింది. మగ్గం మనిషికి అర్థం కావాలనే ఆర్డర్ల మాట వాడిందట. కాపలావాళ్లంటే వీర్యపరీక్షలో కనబడ్డ తెల్లకణాలు. వాటి సంగతి ఇంకా చూడాలంది. తన పర్యవేక్షణలో సూదులు మానేస్తే, నెలలు పట్టినా చాలామందికి ఉత్పత్తి మళ్లీ మొదలవుతుందట.

ఎనిమిది నెలలకు సంపత్ రిపోర్టు బాగుపడింది కూడా. కానీ నాకు గుర్తున్నది ఆ సోమవారం సాయంత్రమే. మేం వాళ్లింట్లో ఉండగానే సంపత్ ఊళ్లో ఉన్న తల్లి వెంకటవ్వకు ఫోన్ చేశాడు. పిల్లల్లేరని ఇన్నాళ్లూ ఆమె మాటలు పడింది వినోదే.

"అవ్వా, ఇగ వినోదను ఏమనకు. లోపం నాతోనే వచ్చింది."

 లస్మయ్య నా చెయ్యి పట్టుకుని మెల్లగా బయటికి నడిపించాడు. మేం గడప దాటుతుంటే వినోద ఫోన్ అందుకుని అడగడం వినబడింది.

"అత్తా, తిన్నవా?"