నిమ్మచెట్టుకు ఇనుము తక్కువైంది

మీ పెరటి మట్టిలో సూక్ష్మపోషకాలు తగ్గాయా? అయితే మీరు అదృష్టవంతులు! తీరిక ఎక్కువైన గృహస్థుడికి ఇంతకంటే గౌరవమైన ఉద్యోగం దొరకదు. అనుభవం మీద చెబుతున్నాను, కాదనకండి.

మాది రెండు మంచాలు పట్టేంత పెరడు. అందులో ఒక్క నిమ్మచెట్టు. ఆ మధ్య దాని లేత ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి.

"కాస్త ఎరువేసి వదిలేయండి, అదే కోలుకుంటుంది" అంది మా ఆవిడ.

మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి! భూసారం గురించి ఏం తెలుస్తుంది? నేను నాలుగు మూలలా జానెడు లోతు తవ్వి, మట్టి తీసి, నీడలో ఆరబెట్టాను. ఇనప డబ్బాలో పెడితే లెక్క తప్పుతుందని ఆవిడ ప్లాస్టిక్ లంచ్ బాక్స్ తీసుకున్నాను. ఆ రోజు ఆవిడ అన్నం దేంట్లో పట్టుకెళ్లిందో అడగలేదు. సైన్సులో అలాంటి ప్రశ్నలుండవు.

మట్టి పరీక్ష కేంద్రంలో ఉద్యోగిని రిపోర్టు చూసి చెప్పింది. "జింక్ తక్కువుందండీ. ఇనుము ఉంది కానీ, క్షారం ఎక్కువై వేళ్లకి అందట్లేదు."

"బతుకుతుందంటారా?" అన్నాను, ఆవిడ బల్ల అంచు పట్టుకుని.

"నిమ్మచెట్టే కదండీ!" అంటూ నాకు మంచినీళ్ల గ్లాసు అందించింది.

ఆనాటి నుంచి నా బతుక్కి ఒక క్రమం ఏర్పడింది. ఎండ ముదరకముందే ఆకుల మీద ఇనుము స్ప్రే. వారం ఆగి జింక్. పనిలో పనిగా కాస్త బోరాన్. బోరాన్ చిటికెడు ఎక్కువైనా ఆకుల అంచులు మాడిపోతాయట! అందుకని కంసాలిని బతిమాలి బంగారం తూచే త్రాసు తెచ్చుకున్నాను. ఒక్కో ఆకుకీ ఒక నంబరు, రోజుకో ఫోటో. అంతవరకూ నన్ను చూసి తలుపేసుకునే పక్కింటి మావయ్య కూడా గోడ మీదుగా తొంగి చూసి, "పదిహేడో నంబరు ఎలా ఉందోయ్?" అని పరామర్శించసాగాడు. పుష్కలంగా పండే మట్టి ఉంటే ఇంత పరపతి వస్తుందా?

ఇంట్లో సహకారమే కొరవడింది. తూచడం నా వంతు, చల్లడం మా ఆవిడ వంతు. కానీ స్ప్రేయరు ఎత్తితే ఆయాసపడేది. నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడేది. "కాస్త వ్యాయామం చెయ్యి" అని సలహా ఇచ్చాను. ఉచితంగానే!

పోయిన నెలలో ఒక గురువారం పొద్దున, మా ఆవిడ చెట్టుకు మందు కొడుతూ కొడుతూ అక్కడే కూలబడిపోయింది. చేతులు మంచులా ఉన్నాయి. త్రాసు ఎక్కడ పారేశానో, ఆటో ఎలా పిలిచానో నాకు గుర్తు లేదు.

డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూసింది. రక్తం పరీక్ష చేయించింది.

"హిమోగ్లోబిన్ ఏడున్నరే ఉంది. ఒంట్లో ఇనుము బాగా తక్కువ. ఎన్నాళ్ల నుంచి ఇలా నీరసంగా ఉంటున్నారు ఈవిడ?"

నన్నే అడిగింది. నిమ్మచెట్టు మొదటి ఆకు ఏ తేదీన పాలిపోయిందో చెప్పగలను. ఆ పూట ఎండ ఎంతో కూడా చెప్పగలను. ఇది మాత్రం నేనెక్కడా రాసి పెట్టుకోలేదు.

"ఆయనకి తెలీదు లెండి డాక్టరుగారూ. ఆరు నెలలైంది" అంది మా ఆవిడ మంచం మీది నుంచి.

"ఆరు నెలలా! నాతో చెప్పవేం?"

"చెప్పానండీ. రెండుసార్లు. మీరు 'ఊఁ' అన్నారు కూడా."

నా వాదన వెనక్కి తీసుకుంటానని అనుకుంటున్నారా? లేదు. లోపాన్ని కనిపెట్టడంలో నన్ను మించినవాడు లేడని ఇప్పటికీ అంటాను. ఎటొచ్చీ, చూసే చోటే కాస్త తేడా పడింది.

ఇప్పుడు మాత్రలు నేనే వేళకి ఇస్తున్నాను. మెట్ల దగ్గర చెయ్యి అందిస్తున్నాను. నిన్న సాయంత్రం ఆవిడ పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటుంటే, ఎదురుగా కూర్చుని మొహంలోకి తేరిపార చూశాను. కాస్త రంగు వచ్చినట్టే ఉంది.

ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది.

"ఏంటండీ అలా చూస్తున్నారు? నిజం చెప్పండి, డాక్టరమ్మ మీతో ఇంకేదైనా చెప్పిందా?"