మూడో అంతస్తు ఇసుక దొంగ

నాచారం నుంచి ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా గాలించినా విశ్వనాథంగారిలాంటి డిటెక్టివు దొరకడు. ఆయన చూస్తే నేరస్థుడి వెన్నులో వణుకు, ఆయన దగ్గితే పోలీసుస్టేషన్లో అలజడి. ఇప్పటికి నూట పదకొండు కేసులు ఛేదించారు. ఈ లెక్క ఆయన చెప్పిందే. నేను చెప్పబోయే నూట పన్నెండో కేసులో మాత్రం ఒక్క అక్షరం కల్పన లేదు. కావాలంటే వాచ్‌మన్ పోశయ్యను అడగండి.

అసలు ఈ కేసులో నలిగింది పోశయ్యే. విశ్వనాథంగారుండే నాలుగంతస్తుల అపార్టుమెంటులో మెట్ల పక్కన అంతస్తుకో ఎర్ర బకెట్ వేలాడుతుంటుంది. నిప్పంటుకుంటే చల్లడానికి అందులో ఇసుక. మూడో అంతస్తు బకెట్లో మాత్రం పోసిన ఇసుక పోసినట్టే మాయమైపోతోంది. తెల్లారితే అగ్నిమాపక సిబ్బంది వచ్చి అందరికీ జాగ్రత్తలు నేర్పుతారనగా బకెట్ అడుగు కనిపించింది.

అసోసియేషన్ ప్రెసిడెంటు జనార్ధనరావుగారు పోశయ్యను నిలదీశారు.

"పక్క సైటు మేస్త్రీకి అమ్ముకుంటున్నావు కదూ?"

"బకెట్ల ఇసుకతోని ఎవడు ఇల్లు గడ్తడు సార్?"

"అదంతా నాకు తెలీదు. రేపు పొద్దుటికి దొంగ దొరకాలి. లేదంటే గది ఖాళీ చెయ్యి."

లిఫ్టు పక్కన ఆ గదిలోనే పోశయ్య కూతురు దుర్గాభవాని పదో తరగతి పరీక్షలకు చదువుకుంటోంది. ఇంకో పది రోజుల్లో పరీక్షలు.

అంతలో స్తంభం చాటు నుంచి విశ్వనాథంగారు ప్రత్యక్షమయ్యారు. బాపట్ల వైపు మనిషి, రిటైరైన స్కూలు గుమాస్తా.

"భయపడకు పోశయ్యా. నేనున్నాను."

పోశయ్యకు అప్పుడు నిజంగా భయం వేసింది. పోయిన నెల పాల ప్యాకెట్ల దొంగ అంటూ ఈయన వాటేసుకుని పట్టుకున్నది పాలు వేసే మనిషినే.

"ఇది మామూలు దొంగతనం కాదు" అన్నారు విశ్వనాథంగారు మెట్లెక్కుతూ. "ఇసుక మాఫియా! గుప్పెడు గుప్పెడు చొప్పున చెంగిచెర్లకు తరలిస్తున్నారు."

"గుప్పెడు గుప్పెడైతే ఎన్నేండ్లు పడ్తది సార్?"

"అక్కడే ఉంది వాళ్ల తెలివి. ఎవరికీ అనుమానం రాదు!"

మూడో అంతస్తు మెట్టు మీద ఎర్రటి పొర ఒకటి కనిపించింది. ఆయన మోకాళ్ల మీద కూలబడి భూతద్దం పెట్టారు. "ఎండిన నెత్తురు!"

"పల్లి పొట్టు సార్."

"నువ్వు దేన్నీ లోతుగా చూడవు" అంటూ ఉఫ్మని ఊదేశారు. ఉన్న ఒక్క ఆధారమూ కిటికీలోంచి ఎగిరిపోయింది.

ఆ మెట్ల మలుపులో మనిషి నడవాలంటే పక్కకు తిరగాల్సిందే. చెప్పుల స్టాండ్లు, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె, కిటికీ కింద పాత పేపర్ల కట్టలు. విశ్వనాథంగారు భూతద్దాన్ని పేపర్ల మీద ఆనించి, అట్టపెట్టెలో దూరి, కన్ను పట్టేంత చిల్లు పొడిచారు. "శత్రువు రాగానే మెరుపులా దూకుతాను!" ఐదు నిమిషాల్లో పెట్టెలోంచి గురక మొదలైంది.

మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి భూతద్దం మీద పడింది. మెట్ల మీద కూర్చున్న పోశయ్యకు ముందు కమురు వాసన, తర్వాత పొగ, ఆ తర్వాత మంట.

"నిప్పు! నిప్పు!" అని అరుస్తూ పోశయ్య పెట్టెను బోర్లించి డిటెక్టివుగారిని బయటికి లాగాడు. ఎర్ర బకెట్ తిరగేశాడు. రెండు అగరుబత్తి పుల్లలు రాలాయి.

రెండో అంతస్తు చంద్రిక పరిగెత్తుకొచ్చింది. "ఫైరింజన్ నంబరెంత? వందా, నూటెనిమిదా?"

"నూటొకటి మేడమ్!" అని పోశయ్య అరిచాడు.

పై అంతస్తు రమేష్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు. "జర పక్కకు జరగరాదు పోశయ్యన్నా, మంట కనిపిస్తలేదు!"

గోడకున్న మంటలార్పే సిలిండర్‌ను పాడుచేస్తాడని ప్రెసిడెంటుగారు పోశయ్యను ఎన్నడూ ముట్టుకోనివ్వలేదు. విశ్వనాథంగారే దాన్ని పీకి, మీద రాసిన సూచనలు చదవబోయారు. "అక్షరాలు మరీ చిన్నవి. పోశయ్యా, భూతద్దం!"

"గది మంటల్నే ఉంది సార్!"

చెప్పుల స్టాండుకు కూడా మంట తాకింది. అప్పుడు అదే అంతస్తులో ఉన్న ప్రెసిడెంటుగారి తలుపు తెరుచుకుంది. ఆయన భార్య రాజ్యంగారు పెద్ద ఇనప మూకుడుతో వచ్చి, అందులో ఉన్నదంతా మంట మీద కుమ్మరించారు. బుస్సుమంది. ఆరిపోయింది.

ఇసుక. ఇసుక నిండా దోరగా వేగిన పల్లీలు.

వెనకాలే జనార్ధనరావుగారు వచ్చారు. చేతిలో గిన్నె, నోటి నిండా అంతకుముందు వాయి పల్లీలు.

"మా ఊళ్లో ఇసుకలోనే వేయిస్తాం అన్నయ్యగారూ" అన్నారు రాజ్యంగారు. "ఈయనకి కొలెస్ట్రాల్, నూనె చుక్క పడకూడదు. బకెట్లో ఇసుక ఊరికే పడుందిగా అని... వాయివాయికీ కొత్తది జల్లించుకుని, వాడింది పూలకుండీల్లో పోస్తున్నా."

విశ్వనాథంగారు కాలని పల్లీ ఒకటి ఏరి నోట్లో వేసుకుని తల పంకించారు. "చూశావా పోశయ్యా! నేరస్థుల్ని బయటికి రప్పించడానికే నిప్పు పెట్టించాను."

మర్నాడు అగ్నిమాపక అధికారి అందర్నీ కింద నిలబెట్టి, "మంట లేస్తే మొట్టమొదట ఏం చెయ్యాలి?" అని అడిగాడు.

"రాజ్యంగారి తలుపు కొట్టాలి!" అంది అపార్టుమెంటంతా ఒక్క గొంతుతో.

ఆయన పాపం గంటసేపు కష్టపడి మొదటి నుంచీ నేర్పాడు. సిలిండర్ పిన్ను లాగడం ముందుగా పట్టుబడింది పోశయ్యకే. సాయంత్రానికి మెట్ల మీది స్టాండ్లన్నీ ఇళ్లలోకి వెళ్లాయి. ప్రెసిడెంటుగారు చేతులు జోడించి, వణికే గొంతుతో, "పోశయ్యా, తప్పు నాది. నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదు" అన్నారు.

ఒక్క అక్షరం కల్పన లేదన్నాను కదూ? ఉంది. ఆ చేతులు జోడించడం, గొంతు వణకడం నేను పెట్టినవి. గది ఖాళీ చెయ్యమన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు, అంతే. నిజంగా ఆయన అన్నది, "ఈ బూడిద ఎవరు ఊడుస్తారు?" అని. పోశయ్య చీపురు తెచ్చాడు. రాజ్యంగారు దాన్ని అందుకుని మొగుడి చేతిలో పెట్టారు. ఆ ముక్క మాత్రం అచ్చంగా జరిగిందే.