రెజ్యూమేలో ఖాళీ ఉండరాదు

మనిషన్నవాడు బతుకులో ఒక్కసారైనా రెజ్యూమే రాయాలి. రాయకపోతే తానెంత గొప్పవాడో తెలియకుండానే పోతాడు. నేను అరవైకి దగ్గర పడ్డాక రాశాను. మా ఆవిడ పోయింది, ఇంట్లో గోడల మొహం చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. ఏదో ఒక ఉద్యోగం దొరికితే పగలన్నా గడుస్తుందనుకున్నాను.

నేను టెక్నికల్ రైటర్‌ని. మీరు మిక్సీ కొంటే అట్టపెట్టెలో ఒక చిన్న పుస్తకం వస్తుంది. దాన్ని ఎక్కడో పడేసి, మిక్సీ కాలిపోయాక వెతుకుతారు. ఆ పుస్తకం రాసేది నేను. ఒక మాటతో అయ్యేదానికి రెండు మాటలు రాస్తే మా ఊరి బడి పంతులు వేళ్ళ మీద కొట్టేవాడు. ఆ దెబ్బలతోనే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను. 'ముందు స్విచ్ ఆపండి. తర్వాత మూత తీయండి.' నా శైలి ఇంతే. ఈ రెండు వాక్యాలు తారుమారైతే మీ వేలు తెగుతుంది.

ఈ శైలి రెజ్యూమేకి పనికిరాదు. నేను మొదట రాసుకున్నది ఇది: 'మిక్సీలకు, నీళ్ళ పంపులకు వాడకం పుస్తకాలు రాశాను. చదివినవాళ్ళెవరికీ షాక్ కొట్టలేదు.'

మా మేనకోడలు ఒక కంపెనీలో ఉద్యోగాలిచ్చే విభాగంలో పనిచేస్తుంది. చదివి తల పట్టుకుంది.

"ఏంటి మావయ్యా ఇది, పోలీసులకు వాంగ్మూలం ఇచ్చినట్టు?"

"ఉన్నదే రాశానుగా."

"ఉన్నది ఎవడిక్కావాలి? 'వినియోగదారుల భద్రతలో సమూలమైన మార్పుకు నాయకత్వం వహించాను' అని పెట్టు."

పెట్టాను. భుజాలు కాస్త వెడల్పయినట్టనిపించింది. మరో రైటరుతో ఒకే గదిలో కూర్చున్నందుకు టీమ్ లీడర్నయ్యాను. ఇంజనీరు కసురుకుంటున్నా వదలకుండా అడిగినందుకు స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్ తెలిసినవాణ్ణయ్యాను. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం సంక్షోభ నివారణ అయింది. ఇంతటివాడు పక్క సీట్లో ఉంటే మా పాత ఆఫీసులో ఒక్కరూ గుర్తుపట్టలేదేం?

అంతా అయ్యాక మేనకోడలి వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ రెండేళ్ళు ఖాళీ ఉంది మావయ్యా."

"మీ అత్తయ్య మంచం పట్టిందిగా. ఉద్యోగం మానేశాను."

"నాకు తెలుసు. వాళ్ళకేం తెలుసు? ఖాళీ కనబడితే సాఫ్ట్‌వేరే అవతల పడేస్తుంది, మనిషిదాకా పోనే పోదు. ఆ రెండేళ్ళూ ఏం చేశావో చెప్పు. మాట నేను మారుస్తా."

చెప్పాను. మా ఆవిడకు నడుం కింద చచ్చుబడింది. నేను మందులకు వెళ్ళినప్పుడు పక్కింటావిడ వచ్చి కూర్చునేది. అద్దెకు తెచ్చిన ఆస్పత్రి మంచాన్ని తల వైపు ఎలా లేపాలో, మనిషిని ఎలా తిప్పాలో ఆవిడ కోసం ఒక కాగితం రాసి గోడకు అతికించాను. 'రోగిని నెమ్మదిగా పక్కకు తిప్పాలి' అని మొదలుపెట్టాను. మా ఆవిడ పడుకునే చదివింది.

"రోగి ఎవరండీ? గదిలో ఉన్నది నేనేగా."

కొట్టేసి 'ఈవిడను' అని రాశాను. నేను రాసినదాన్ని చివరిదాకా చదివి తప్పు పట్టిన పాఠకురాలు ఆమె ఒక్కతే.

మేనకోడలు కీబోర్డు దగ్గరికి లాక్కుంది. తర్వాత టైప్ చేసింది: 'స్వతంత్ర కన్సల్టెంట్. గృహ వైద్య పరికరాల వాడకంపై రెండేళ్ళ ప్రాజెక్టు. క్లయింటు సూచనల మేరకు సవరణలు.'

చూశారా? ఒక్క అబద్ధం లేదు! "ఎవరింట్లో లేవండీ జబ్బులు" అని నా సెలవు కాగితం వెనక్కిచ్చిన పాత మేనేజరు కూడా ఈ వాక్యాన్ని చూస్తే కుర్చీ వేస్తాడు.

ఇంటర్వ్యూలో నా ఎదురుగా టై కట్టుకున్న అధికారి కూర్చున్నాడు. సరిగ్గా ఆ వాక్యం దగ్గరే ఆగాడు.

"మంచి ప్రాజెక్టే సర్. మరి కొనసాగలేదేం? క్లయింటును నిలబెట్టుకోవడానికి మీరేం చేశారు?"

"వేళ తప్పకుండా పక్కకు తిప్పానండి."

ఆయన తలాడించి ఏదో రాసుకున్నాడు. ఉద్యోగం వచ్చింది.

చేరగానే పని అప్పగించారు. కంపెనీ సెలవుల నిబంధనలు ఎవరికీ అర్థం కావడం లేదట, సులువుగా తిరగరాయాలట. పెళ్ళికి ఎన్ని రోజులు, ఇల్లు మారితే ఎన్ని, ఆటల పోటీలకు ఎన్ని, అన్నీ ఉన్నాయి. 'ఇంట్లో మనిషి మంచాన పడితే' అన్న శీర్షిక కూడా ఉంది. దాని కింద ఏమీ లేదు. టై కట్టుకున్న అధికారిని అడిగాను.

"అది వదిలేయండి సర్. ఎప్పట్నించో ఖాళీగానే ఉంది."

ఖాళీ ఉంటే పనికిరాదని నాకు నేర్పింది ఇలాంటి కంపెనీలే. అందుకని నింపాను, నాకు చేతనైన శైలిలో.

'ముందు సెలవు ఇవ్వండి. తర్వాత కారణం అడగండి.'