ఇందుజ ఊపిరితో పాసైన కారు

శేషుబాబు గారి పాత స్పోర్ట్స్ కారు పొగ పరీక్షలో రెండుసార్లు తప్పి, చివరికి ఆయన కూతురు ఇందుజ ఊపిరితో పాసైంది. ఇందులో వింతేమీ లేదు. మిషన్ కడ్డీని ఇంకో బండి గొట్టంలో పెట్టి, ఈ బండి నంబరు ప్లేటు ఫొటో తీసి సర్టిఫికెట్ ఇచ్చేయడం మన దగ్గర ఎప్పట్నుంచో ఉన్నదే. అక్రమ లేఅవుట్లను చేసినట్టే దీన్నీ ప్రభుత్వం క్రమబద్ధం చేసింది. ఇప్పుడు పరాయి బండి పొగ చెల్లదు, యజమాని ఇంట్లోవాళ్ళ ఊపిరి చెల్లుతుంది. ఎవరి ఊపిరి బండి పేరున ఎక్కితే, ఆ బండి పొగ వాళ్ళ పేరున ఎక్కుతుంది. లెక్క సరిపోయింది కదా!

శేషుబాబు ముందు తన ఊపిరే ఇచ్చాడు, ఆ మాట చెప్పకపోతే పాపం. సిగరెట్ల పుణ్యమా అని ఆయన కారుకంటే ఘోరంగా తప్పాడు.

ఆటోనగర్ మెకానిక్ వేరే దారి చెప్పకపోలేదు. కార్బ్యురేటర్లు రెండూ శుభ్రం చేసి, పెట్రోలు తగ్గించి బిగిస్తే పొగ తగ్గుతుంది, కాకపోతే పికప్ కూడా తగ్గుతుంది.

"పికప్ లేకపోతే ఇక ఆ కారెందుకయ్యా!" అన్నాడు శేషుబాబు. ఆ ఒక్క మాటా అనకుండా ఉండాల్సింది.

"ఇంట్లో గట్టి ఊపిరి ఎవరిదండీ?" అని అడిగాడు పొగ పరీక్ష చేసే బాజీ.

"మా అమ్మాయిదేనయ్యా. కబడ్డీ ఆడుద్ది. కూత పెట్టిందంటే అవతలి జట్టుకి ముచ్చెమటలే. వచ్చే నెల్లో రాష్ట్ర జట్టు ఎంపికలు కూడా."

"ఇంకేం మరి, తీసుకురండి."

ఇందుజ వచ్చి కడ్డీ నోట్లో పెట్టుకుని ఊదింది. పచ్చలైటు వెలిగింది. బాజీ నంబరు ప్లేటు ఫొటో తీసుకుని, "పాప ఊపిరి బంగారం సార్," అన్నాడు. ఇంటికెళ్ళే దారిలో ఆమె దగ్గితే కిటికీ అద్దం నల్లబడింది.

ఎంపికల్లో మొదటి కూతకే, మధ్యగీత దాటగానే ఆమె ఊపిరి తెగింది. నోట్లోంచి నల్లటి పొగ వచ్చింది. రిఫరీ ఈల వేసి, "ఈ పొగకి సర్టిఫికెట్ ఉందా అమ్మా?" అని అడిగాడు.

"కారులో ఉందండీ."

"అది రోడ్డు మీద చెల్లుద్ది తల్లీ, బరిలో చెల్లదు," అని అవుట్ ఇచ్చాడు. ఇందుజ గీత బయట కూర్చుని మోకాలి పట్టీలు విప్పుకుంది. తండ్రి వైపు చూడలేదు.

మర్నాడే శేషుబాబు బాజీ దగ్గరికి పరుగెత్తాడు. "కారు తుక్కుకిచ్చేస్తానయ్యా. అమ్మాయి ఊపిరి అమ్మాయికి వచ్చేస్తుందిగా?"

"ఎలా వస్తుందండీ? కారులో ఉన్నది కారుతోపాటే తుక్కవుద్ది."

"పోనీ, పెట్రోలు తగ్గించి బిగిస్తే?"

"అది ముందు చేయించాల్సిందండీ. ఇప్పుడా ఇంజను కదిపితే పాప ఊపిరి కదులుద్ది," అన్నాడు బాజీ, నొచ్చుకుంటూనే.

శేషుబాబు కారెక్కి తాళం తిప్పాడు. ఇంజను "కబడ్డీ కబడ్డీ" అంటూ ఎక్కడా తెగకుండా అందుకుంది. కొత్తలో కూడా అది అంత నున్నగా తిరగలేదు. స్టీరింగు మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే, పికప్ కూడా పెరిగిందని గమనించాడు.

ఆర్నెల్లకి మళ్ళీ పరీక్ష వచ్చింది. సర్టిఫికెట్ లేకపోతే బండి ఆపేస్తారు, బండి ఆగితే అందులో ఉన్నదీ ఆగుతుంది. ఇందుజ ఊపిరి ఇక చెల్లదు. అందుకని భార్య విమల వెనక సీట్లో కూర్చుంది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, జడ వేసుకుని తనే వచ్చి ఎక్కింది.

వరసలో ముందున్న కార్లన్నిటిలో వెనక సీట్లలో పిల్లలున్నారు, కొందరు స్కూలు యూనిఫాంలోనే. పక్క కారాయన అద్దం దించి పలకరించాడు.

"మావాడికి ఆరేళ్ళేనండీ. వీడి మీద చాన్నాళ్ళు లాగొచ్చు."

శేషుబాబు ఆ పిల్లాడి వంక చూశాడు. "అదృష్టవంతులండీ," అన్నాడు మనస్ఫూర్తిగా.