ప్రతిపక్షం వారి నూట నలభై

“తొంభై రోజుల్లో నా జిల్లాలో షుగర్ ఉన్న గర్భిణి ఒక్కరు కూడా మిగలరు!” అని ఆరోగ్యమంత్రిగారు మా ఆసుపత్రి మెట్ల మీద ప్రకటించారు. ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! పదహారేళ్లుగా ల్యాబులో సూదులు గుచ్చుతున్న నాకే చెమటలు పట్టాయి.

విటమిన్ డి తక్కువున్న గర్భిణుల్లో షుగర్ కాస్త ఎక్కువ కనబడుతోందని అంతకుముందు మీటింగులో మా డాక్టరమ్మ నోరు జారారు.

“అయితే డి పెంచితే షుగర్ పోతుందన్నమాట!”

“అలాగని ఖాయంగా చెప్పలేం సార్.”

“డి ఎక్కడ దొరుకుతుంది?”

“మాత్రల్లో, ఎండలో...”

“ఎండ చాలు. దానికి బడ్జెట్ అక్కర్లేదు,” అని మంత్రిగారు బల్ల గుద్దారు.

మర్నాటి నుంచి గర్భిణులంతా ఆసుపత్రి డాబా మీదే. హాజరుపట్టీ పెట్టారు. మంచినీళ్ల సీసాల మీద మంత్రిగారు నవ్వుతూ ఉండేవారు. మా చెల్లెలు కూడా వెళ్లింది. అండర్‌గ్రౌండ్ పార్కింగులో టికెట్లు కొట్టే మనిషి, పగటి వెలుతురు చూసి ఎన్నాళ్లయిందోనని మురిసిపోయింది పిచ్చిది.

ఎనభయ్యో రోజున, దానికి ఏడో నెల రాగానే, గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటలకి నేనే రక్తం తీశాను. నూట నలభై దాటకూడదు. నూట ఎనభై ఆరు వచ్చింది.

“ఈ వారమే వైద్యం మొదలెట్టాలి. వదిలేస్తే తల్లికీ బిడ్డకీ కష్టం,” అన్నారు డాక్టరమ్మ.

అలాంటి రిపోర్టులు ఇంకా బోలెడు వచ్చాయి. మంత్రిగారు హుటాహుటిన సమీక్ష పెట్టారు.

“అసలీ నూట నలభై పెట్టింది ఎవరు?”

“పుస్తకాల్లో ఉంది సార్,” అన్నారు డాక్టరమ్మ.

“ఆ పుస్తకాలు ఎప్పుడొచ్చాయి?”

పీఏ ఫైలు తిరగేశాడు. “గత ప్రభుత్వ హయాంలో సార్!”

“అదీ సంగతి! ఇది ప్రతిపక్షం వాళ్ల నంబరు. మన ఆడబిడ్డల్ని రోగులుగా చూపించే కుట్ర!”

ముందుచూపంటే అదీ. సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చేసింది. ఇకపై రెండు వందల దాకా నార్మల్. ఒక్క సంతకంతో జిల్లాలో వేలమంది కోలుకున్నారు. ఒప్పుకోని డాక్టరమ్మని రికార్డు రూముకి బదిలీ చేశారు. నార్మల్ వాళ్లకి మందులెందుకని ఫార్మసీలో గర్భిణులకి షుగర్ మందులిచ్చే కిటికీ మూసేశారు.

చెల్లెలు తన కార్డు నా ముందు పెట్టింది. “అన్నయ్యా, నిన్న ప్రమాదమన్నావు. ఇవాళ నార్మలని స్టాంపు కొట్టావు. రాత్రికి రాత్రి నా ఒంట్లో ఏం మారింది?”

“ప్రభుత్వ విధానం మారిందమ్మా,” అన్నాను. దాని మొహం చూడలేకపోయాను.

తొంభయ్యో రోజున విజయోత్సవం. మా చెల్లెల్నే వేదికెక్కించి పూలగుత్తి ఇచ్చారు. “ఈ తల్లి నా పథకంతో కోలుకుంది!” అని మంత్రిగారు గద్గద స్వరంతో అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఉద్యోగం చేసుకునేవాణ్ణి కదా.

ఫొటోలు అవగానే చెల్లెల్ని వెనకమెట్ల మీదుగా రికార్డు రూముకి తీసుకెళ్లాను. డాక్టరమ్మ కాళ్లు పట్టుకునైనా మందు రాయించుకుందామని. తలుపు దగ్గర పీఏ కాపలా ఉన్నాడు.

“నార్మల్ వాళ్లకి ఇక్కడేం పనయ్యా?” అని కసిరాడు.

అతని భుజం మీదుగా లోపలికి చూశాను. దుమ్ము పట్టిన ఫైళ్ల మధ్య డాక్టరమ్మ, ఎదురుగా స్టూలు మీద మంత్రిగారి పెద్దమ్మాయి. ఎనిమిదో నెల. చేతిలో మా ల్యాబు రిపోర్టు, దాని మీద నా స్టాంపే.

“పాత లెక్క ప్రకారం చూసి చెప్పండి డాక్టర్‌గారూ,” అంటోంది ఆ అమ్మాయి. “నాన్నగారు మరీ మరీ చెప్పి పంపించారు.”